ఒక్కో కొలతకు ఒక్కో గీతా, అన్నిటికీ కలిపి ఒకటా? టాబ్లెట్ల తనిఖీలో పరిమితుల ఎంపిక

రెండు టాబ్లెట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకే బ్యాచ్, ఒకే మెషిన్. లెక్క సులువుగా సాగడానికి అంకెలు నేను ఎంచుకున్నవి: సగటు బరువు 500 మిల్లీగ్రాములు, ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే అంకె) 5. పొడిని అదిమేటప్పుడు పంచ్ (అదిమే లోహపు కడ్డీ) మీద నమోదైన బలం సగటున 12 కిలోన్యూటన్లు, దాని విచలనం 0.6. మొదటి టాబ్లెట్ బరువు 510, బలం 13.2. రెండోదాని బరువూ 510, బలం మాత్రం 10.8.

ఒక ప్రామాణిక విచలనాన్ని ఒక సిగ్మా అంటారు. సగటుకు రెండు పక్కలా మూడు సిగ్మాల పరిమితులు పెడితే బరువుకు 485 నుంచి 515, బలానికి 10.2 నుంచి 13.8. రెండు టాబ్లెట్లూ రెండు పరీక్షల్లోనూ నెగ్గుతాయి. అయినా మెషిన్ దగ్గర పనిచేసేవారికి రెండోదాన్ని చూడగానే అనుమానం రావాలి. రోటరీ మెషిన్‌లో పై పంచ్, కింది పంచ్ అత్యంత దగ్గరగా వచ్చినప్పుడు వాటి మధ్య మిగిలే ఎడం సెట్టింగు మార్చనంతవరకు మారదు. ఆ ఎడంలోకి పొడి ఎక్కువ చేరితే బలం పెరగాలి. ఇక్కడ పొడి పెరిగింది, బలం తగ్గింది.

దీనికి కారణాలు ఊహించడం కష్టం కాదు. గ్రాన్యూల్స్‌లో (టాబ్లెట్‌గా అదిమే పొడి రేణువుల్లో) తేమ మారి ఉండవచ్చు. లేదా ఆ స్టేషన్‌లో (మెషిన్‌లో ఒక జత పంచ్‌లు ఉండే స్థానంలో) కింది పంచ్ అరిగి, తోటి పంచ్‌ల కంటే కాస్త పొట్టిదై ఉండవచ్చు. పొట్టి పంచ్ దిగినప్పుడు డైలో (పొడి పడే అచ్చులో) గుంట లోతవుతుంది కాబట్టి పొడి కొంచెం ఎక్కువ పడుతుంది. అదే పొట్టిదనం వల్ల అదిమేటప్పుడు ఎడం కూడా పెరుగుతుంది. గుంట లోతుతో పోలిస్తే టాబ్లెట్ మందం చిన్నది కాబట్టి, ఎడంలో వచ్చిన మార్పే ఎక్కువ ప్రభావం చూపి బలం పడిపోతుంది. బరువును ఒక కాగితం మీద, బలాన్ని ఇంకో కాగితం మీద చూసేవారికి ఈ కథ ఎప్పటికీ కనబడదు.

జీడిమెట్లలోనో జడ్చర్లలోనో మందుల ఫ్యాక్టరీలో క్యూసీ (నాణ్యత తనిఖీ), క్యూఏ (నాణ్యత హామీ) పనులు చేసేవారు ఈ పరిమితులను రోజూ చూస్తారు. వాటిని పెట్టే పద్ధతులు మాత్రం చాలాచోట్ల పాత ప్రోటోకాల్ నుంచి కొత్త ప్రోటోకాల్‌లోకి అలాగే నడిచి వస్తుంటాయి. ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దెబ్బతీస్తుందో ఇక్కడ పోల్చి చెబుతాను.

మీరు అడుగుతున్న ప్రశ్న ఏది?

పరిమితి అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. ఈ టాబ్లెట్ రోగికి ఇవ్వదగినదేనా? ఇది తన తోటి టాబ్లెట్లలాగే తయారైందా? నేరుగా కొలవలేని గుణాన్ని, కొలవగలిగిన ఇంకోదాన్ని చూసి నమ్మవచ్చా? మొదటిదానికి స్పెసిఫికేషన్, అంటే ముందే నిర్ణయించిన ప్రమాణం, జవాబు చెబుతుంది. రెండోదానికి ఉత్పత్తి డేటాలోని సహజమైన చెదురుదల జవాబు చెబుతుంది. మూడోదానికి రెండు కొలతల మధ్య ఉన్న సంబంధం ఎంత గట్టిదన్నదే జవాబు. ఒక ప్రశ్నకు పెట్టిన పరిమితిని ఇంకో ప్రశ్నకు వాడటం వల్లే చాలా తగాదాలు వస్తాయి. ఓఓఎస్‌కూ (స్పెసిఫికేషన్ దాటడం) ఓఓటీకీ (మామూలు ధోరణి దాటడం) ఉన్న తేడా కూడా మొదటి రెండు ప్రశ్నల మధ్య తేడానే.

విడివిడి పరిమితులు

వాల్టర్ షూహార్ట్ 1924లో బెల్ సంస్థలో గీసిన కంట్రోల్ చార్ట్ నుంచి ఇదే వాడుక: ఒక కొలత, ఒక సగటు, రెండు పక్కలా రెండు గీతలు. చూడగానే అర్థమవుతుంది, ఆపరేటర్ అక్కడికక్కడే స్పందించగలడు, ఆడిటర్‌కు వివరించనక్కర్లేదు. స్పెసిఫికేషన్ విషయంలో దీనికి ప్రత్యామ్నాయమే లేదు. భారత ఫార్మకోపియా 250 మిల్లీగ్రాములు, అంతకు మించిన టాబ్లెట్లకు సగటు బరువు మీద 5 శాతం తేడాను అనుమతిస్తుంది. 20 టాబ్లెట్లు తూచితే ఆ హద్దును రెండింటికి మించి దాటకూడదు, ఏ ఒక్కటీ 10 శాతం దాటకూడదు. మన 500 మిల్లీగ్రాముల టాబ్లెట్‌కు అది 475 నుంచి 525. ఇంకే కొలత ఎంత బాగున్నా ఈ హద్దు సడలదు.

చిక్కు రెండో ప్రశ్న దగ్గర మొదలవుతుంది. మూడు సిగ్మాల గీతలు ఒక కొలత మీద 0.27 శాతం తప్పుడు హెచ్చరికలు ఇస్తాయి. పరస్పరం సంబంధం లేని పది కొలతలకు అలాగే పది జతల గీతలు పెడితే, ఏదో ఒకదాంట్లో తప్పుడు హెచ్చరిక వచ్చే అవకాశం 2.67 శాతానికి చేరుతుంది. ఏ లోపమూ లేని బ్యాచ్‌ల మీద దర్యాప్తులు పెరుగుతాయి. కొన్నాళ్లకు ఎవరూ వాటిని పట్టించుకోరు. హెచ్చరికను అలవాటుగా పక్కన పెట్టే విభాగం, అసలైన హెచ్చరికనూ అలాగే పక్కన పెడుతుంది. ఈ నష్టం ఏ రిపోర్టులోనూ అంకెగా కనబడదు.

దీనికి చాలామంది చేసే సవరణ గీతలను దూరం జరపడం. బోన్‌ఫెరోనీ పద్ధతిలో మొత్తం తప్పుడు హెచ్చరికలను కొలతల సంఖ్యతో పంచుతారు. ఐదు కొలతలుంటే మూడు సిగ్మాలకు బదులు దాదాపు 3.46 సిగ్మాలు. లెక్క నిజాయితీగలదే, ఎక్సెల్‌లో నిమిషం పని. కానీ కొలతల మధ్య సహసంబంధం (రెండు కొలతలు కలిసి కదిలే తీరు; గట్టిగా కలిసి కదిలితే 1కి దగ్గర, సంబంధమే లేకపోతే 0) ఉన్నప్పుడు ఇది అవసరానికి మించి వెడల్పవుతుంది. పైగా మన రెండో టాబ్లెట్ ఇప్పుడు ఇంకా హాయిగా లోపల ఉంటుంది. తప్పుడు హెచ్చరికలు తగ్గించడానికి మాత్రమే పనికొచ్చే మందు ఇది. సంబంధాలు బలహీనంగా ఉన్నప్పుడు, అంటే సహసంబంధాలన్నీ 0.3 లోపు ఉన్నప్పుడు దీన్ని నిస్సంకోచంగా వాడండి. అంతకు మించితే ముందుకు కదలాలి.

కలిపి ఒకే పరిమితి: టీ-స్క్వేర్

సంబంధం ఉన్న కొలతలను కలిపి ఒకే దూరంగా చెప్పాలన్న ఆలోచన మన దేశంలోనే గట్టిపడింది. గణాంక శాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ తన దూరాన్ని 1936లో ప్రకటించారు. మనుషుల శరీర కొలతలను పోల్చే పని నుంచి పుట్టిన లెక్క అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు, కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు సూడాన్‌లోని జబల్ మోయా నుంచి వచ్చిన అస్థిపంజరాల కొలతల మీద ఈ దూరాన్నే ఉపయోగించారు. అటు అమెరికా గణాంక శాస్త్రవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1931లో ఇలాంటి దూరాన్నే కొలిచే టీ-స్క్వేర్‌ను రూపొందించి, 1947లో విమానాల బాంబ్‌సైట్ల తనిఖీకి దాన్ని అన్వయించి చూపించారు. ఉత్పత్తి తనిఖీలో బహుళ కొలతల పద్ధతికి అది ఆరంభం.

మన టాబ్లెట్లకు వేసి చూద్దాం. బరువు, బలం మధ్య సహసంబంధం 0.9 అనుకోండి. రెండు కొలతలూ సగటు నుంచి ఎన్ని సిగ్మాల దూరంలో ఉన్నాయో చూసి, ఆ అంకెల వర్గాలను కలపాలి. అందులోంచి ఆ రెండు అంకెల లబ్ధాన్ని సహసంబంధానికి రెట్టింపుతో గుణించి తీసివేయాలి. మిగిలినదాన్ని, ఒకటిలోంచి సహసంబంధ వర్గం పోగా మిగిలే 0.19తో భాగించాలి. మొదటి టాబ్లెట్ రెండు కొలతల్లోనూ +2. కనుక 4 + 4 − 7.2 = 0.8. దాన్ని 0.19తో భాగిస్తే 4.2. రెండో టాబ్లెట్ +2, −2. అక్కడ లబ్ధం రుణాత్మకం కాబట్టి 4 + 4 + 7.2 = 15.2. భాగిస్తే 80. రెండు కొలతలకు 0.27 శాతం తప్పుడు హెచ్చరికలతో పెట్టే పరిమితి 11.83. మొదటిది సుఖంగా లోపల ఉంది. రెండోది దరిదాపుల్లో కూడా లేదు.

కాగితం మీద గీస్తే విడివిడి పరిమితులు దీర్ఘచతురస్రం, టీ-స్క్వేర్ పరిమితి దాని మూలల వైపు ఏటవాలుగా పడుకున్న సన్నటి దీర్ఘవృత్తం. దీర్ఘచతురస్రం వదిలేసే రెండు మూలలను దీర్ఘవృత్తం పట్టుకుంటుంది. కానీ మిగతా రెండు మూలల్లో అది దీర్ఘచతురస్రం దాటి బయటికి వస్తుందని మరిచిపోకండి. రెండు కొలతల్లోనూ +3.2 సిగ్మాలున్న టాబ్లెట్‌కు టీ-స్క్వేర్ 10.8 మాత్రమే, అంటే నెగ్గినట్టే. అందుకే దీర్ఘవృత్తాన్ని స్పెసిఫికేషన్‌కు బదులుగా ఎన్నడూ పెట్టకూడదు. స్పెసిఫికేషన్ దీర్ఘచతురస్రం తన చోట తాను ఉండాలి, దాని లోపల దీర్ఘవృత్తం కాపలా కాయాలి.

ఈ పద్ధతి మీద వచ్చే పెద్ద ఫిర్యాదు, హెచ్చరిక వస్తుంది కానీ దేనివల్లో చెప్పదన్నది. సగమే నిజం. ఆ 80ని రెండుగా విడదీయవచ్చు. బరువు తనంతట తాను ఎంత దూరం జరిగిందో దాని వర్గం 4. ఆ బరువుకు రావలసిన బలం +1.8 సిగ్మాలు, వచ్చింది −2. తేడా 3.8, దాని వర్గం 14.44. దాన్ని 0.19తో భాగిస్తే 76. మొత్తం 80లో 76 బరువుదీ కాదు, బలానిదీ కాదు, వాటి పొందిక చెడినందుకు వచ్చింది. దర్యాప్తు చేసేవారికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఫిల్ డెప్త్‌ను (డై గుంట లోతు సెట్టింగును) తడమకుండా నేరుగా పంచ్ పొడవులు, గ్రాన్యూల్స్ తేమ చూడమని చెబుతోంది. టీ-స్క్వేర్ వాడాలనుకుంటే ఈ విడదీత కూడా అదే షీట్‌లో కనబడేలా పెట్టండి. అది లేకపోతే ఆపరేటర్‌కు 80 అన్న అంకె వల్ల ఏ ఉపయోగమూ లేదు.

పరిమితి ఎంత పెట్టాలన్నదాంట్లో ఇంకో మెలిక ఉంది. 11.83 అనేది సగటు, విచలనం, సహసంబంధం అన్నీ కచ్చితంగా తెలిసినప్పటి అంకె. 30 టాబ్లెట్ల నుంచి వాటిని అంచనా వేసి, కొత్త టాబ్లెట్‌ను పరీక్షిస్తుంటే సరైన పరిమితి దాదాపు 15.75. 100 టాబ్లెట్ల నుంచి వేస్తే 12.83. కొద్దిపాటి డేటాతో 11.83 వాడితే తప్పుడు హెచ్చరికలు ఎక్కువవుతాయి, నింద పద్ధతి మీద పడుతుంది. కొలతలు పెరిగేకొద్దీ డేటా ఆకలి కూడా పెరుగుతుంది. ఐదు కొలతలకు 15 విచలన, సహవిచలన (రెండేసి కొలతలు కలిసి ఎంత చెదురుతాయో చెప్పే) అంకెలు అంచనా వేయాలి, పదింటికి 55.

కొలవలేనిదానికి మారుగా కొలవగలిగేది

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం ఇది. నిమిషానికి వేల టాబ్లెట్లు ఉమ్మే మెషిన్‌లో ప్రతి టాబ్లెట్‌నూ తూచడం కుదరదు. బలాన్ని మాత్రం ప్రతి టాబ్లెట్‌కూ మెషిన్ నమోదు చేస్తుంది, హద్దు దాటినవాటిని తానే పక్కకు నెడుతుంది. అంటే బలం మీద పెట్టే పరిమితి నిజానికి బరువు మీద పెట్టే పరిమితి. దాన్ని ఎక్కడ పెట్టాలి?

ఉత్పత్తి డేటా తీసుకుని, బలం నుంచి బరువును అంచనా వేసే గీత గీసి, ఆ గీత ఎక్కడ 525ను తాకుతుందో చూసేవారు ఉన్నారు. మన అంకెలతో అది 15.33 కిలోన్యూటన్ల దగ్గర తాకుతుంది. అక్కడ పరిమితి పెడితే జరిగేది ఇది: 525 బరువున్న టాబ్లెట్ సగటున చూపే బలం 14.7, దాని చుట్టూ చెదురుదల 0.26. అలాంటి వంద టాబ్లెట్లలో ఒకటి పట్టుబడితే గొప్ప. మిగతావన్నీ డబ్బాలోకి వెళతాయి. 14.7 దగ్గర పెట్టినా సగం తప్పించుకుంటాయి.

సరైన దారి బరువు నుంచి బలానికి వెళ్లడం. సెట్టింగు మార్చి కావాలనే తక్కువ బరువుతో, ఎక్కువ బరువుతో మెషిన్ నడపండి. ఒక్కో బరువు దగ్గర బలం ఎంత, ఎంత చెదురుతుందో రాసుకోండి. హద్దు బరువు దగ్గర వచ్చే బలం నుంచి మూడు చెదురుదలలు లోపలికి జరగండి: 14.7లోంచి 0.78 తీస్తే 13.92. కింది పక్క అలాగే 10.08. ఇలా పెడితే 525 మిల్లీగ్రాముల టాబ్లెట్ తప్పించుకునే అవకాశం వెయ్యికి ఒకటికి కాస్త పైన. దీనికి చెల్లించే మూల్యం ఎంత? 13.92 సగటుకు 3.2 సిగ్మాల దూరం కాబట్టి పది లక్షల టాబ్లెట్లలో రెండు పక్కలా కలిపి దాదాపు 1,400 మంచివి కూడా పోతాయి. ఇది భరించదగ్గ ఖర్చే.

ఇప్పుడు సహసంబంధం 0.9 కాకుండా 0.6 అనుకుని ఇదే లెక్క వేయండి. హద్దు బరువు దగ్గర సగటు బలం 13.8కి తగ్గుతుంది, చెదురుదల 0.48కి పెరుగుతుంది. మూడు చెదురుదలలు లోపలికి జరిగితే పరిమితి 12.36. సగటు 12 నుంచి ఇది 0.6 సిగ్మా దూరమే. రెండు పక్కలా కలిపి సగానికి పైగా మంచి టాబ్లెట్లు బయటికి పోతాయి. 0.6 అన్న సహసంబంధం పరిశోధన పత్రంలో గౌరవంగానే కనబడుతుంది, మారు కొలతగా మాత్రం పనికిరాదు. నా వరకు 0.85 లోపు ఉంటే మారు కొలత ఆలోచనే మానుకోమంటాను. ముందు మెషిన్ సెన్సార్‌ను, తూకాన్ని సరిచూసుకోండి. కొలతలో తప్పులుంటే ఉన్న సంబంధం కూడా బలహీనంగా కనబడుతుంది.

ఒక జాగ్రత్త. బరువు, బలం సంబంధం ఎక్కువ బలాల దగ్గర సరళరేఖలా ఉండదు, వంపు తిరిగి నిటారుగా లేస్తుంది. కాబట్టి మామూలు ఉత్పత్తి డేటాను సాగదీసి 525 దాకా గీత లాగకండి. ఆ బరువు దగ్గర నిజంగా నడిపి చూడండి.

కొలతలు వందల్లో ఉంటే

ఎన్ఐఆర్ (సమీప పరారుణ కాంతితో కొలిచే) పరికరం ఒక్క టాబ్లెట్‌కు వందల తరంగదైర్ఘ్యాల దగ్గర అంకెలు ఇస్తుంది, పక్కపక్కవి దాదాపు ఒకటే. అక్కడ టీ-స్క్వేర్ నేరుగా వేస్తే 0.19 లాంటి ఆ హారం సున్నాకు దగ్గరై, పరికరంలోని చిన్న ఒడిదుడుకు కూడా పెద్ద హెచ్చరికగా మారుతుంది. ఒకే టాబ్లెట్‌ను రెండు తూకాల మీద తూచి రెండు అంకెలూ లెక్కలో పెట్టినా ఇదే గతి. అలాంటప్పుడు ముఖ్య అంశాల విశ్లేషణతో (పీసీఏ) కొలతలను నాలుగైదు దిశలకు కుదించి, వాటి మీద టీ-స్క్వేర్, మిగిలిపోయినదాని మీద క్యూ అనే ఇంకో పరిమితి పెడతారు. కొత్త రకం లోపం చాలాసార్లు క్యూలోనే ముందు కనబడుతుంది కాబట్టి రెండూ ఉంచాలి. బరువు, మందం, గట్టితనం, బలం అన్న నాలుగు కొలతలకు మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు.

సహసంబంధం ఏ డేటా నుంచి?

పద్ధతి ఎంపిక కంటే ఇక్కడ జరిగే పొరపాటు ఖరీదైనది. పాతిక బ్యాచ్‌ల డేటా ఒకే షీట్‌లో పోసి సహసంబంధం తీస్తే, బరువు, బలం మధ్య సంబంధం దాదాపు మాయమైనట్టు కనబడవచ్చు. కారణం ఆపరేటర్ చేసే సర్దుబాటు. బ్యాచ్ బ్యాచ్‌కూ గ్రాన్యూల్స్ మారతాయి, గట్టితనం సరిపోవడానికి ఆయన ఎడం మారుస్తాడు. బరువు అదే, బలం స్థాయి మాత్రం బ్యాచ్‌కొకటి. ప్రతి బ్యాచ్ లోపలా 0.9గా ఉన్న సంబంధం, అన్నిటినీ కలిపితే కరిగిపోతుంది. దీర్ఘవృత్తం ఉబ్బి గుండ్రమవుతుంది, మన రెండో టాబ్లెట్ మళ్లీ లోపలికి వచ్చేస్తుంది. ప్రతి బ్యాచ్ సగటును దాని విలువల్లోంచి తీసేసి, మిగిలిన తేడాల నుంచే విచలనాలు, సహవిచలనాలు లెక్కించండి. బ్యాచ్‌ల సగటులు కదలడాన్ని వేరే చార్ట్‌లో చూడండి.

ఆ డేటాలోనే నాలుగు చెడ్డ టాబ్లెట్లు దూరి ఉంటే అవి దీర్ఘవృత్తాన్ని తమ వైపు లాక్కుని తామే లోపల దాక్కుంటాయి. కారు ఎలక్ట్రానిక్స్ రంగం దీనికి తేలికైన మార్గం పాటిస్తుంది. ఏఈసీ క్యూ001 మార్గదర్శకంలో సగటుకు బదులు మధ్యగతం (విలువలను వరుసలో పేరిస్తే నడిమిది) తీసుకుంటారు, మూడో చతుర్థకం (ఆ వరుసలో ముప్పావు దగ్గరి విలువ) లోంచి మొదటి చతుర్థకం (పావు దగ్గరిది) తీసి 1.35తో భాగించి సిగ్మా అంటారు, ఆరు సిగ్మాల దగ్గర గీత గీస్తారు. స్పెసిఫికేషన్ లోపలే ఉన్నా ఆ గీత దాటిన చిప్‌ను తీసి పారేస్తారు, తర్వాత రోడ్డు మీద పాడయ్యే అవకాశం వాటికే ఎక్కువని. మందుల తనిఖీలో ఆ పారేసే పద్ధతిని మాత్రం అలాగే దించుకోవద్దని నా సలహా. టీ-స్క్వేర్ దాటిన టాబ్లెట్‌ను పారేసి ఊరుకుంటే, దాన్ని అలా తయారుచేసిన స్టేషన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

నేనైతే ఏది పెడతాను

చిన్న యూనిట్, మూడు నాలుగు కొలతలు, స్టాటిస్టిక్స్ తెలిసినవారు ఒక్కరే ఉంటే: స్పెసిఫికేషన్ పరిమితులు ఉన్నవి ఉన్నట్టే, ఓఓటీకి విడివిడి గీతల బదులు ఒక టీ-స్క్వేర్ చార్ట్, దాని పక్కనే విడదీత. విడివిడి చార్టులను తీసేయకండి. ఆపరేటర్ కళ్లకు అలవాటైనవి అవే, అవి చూడటానికి ఉండనివ్వండి, హెచ్చరిక మాత్రం టీ-స్క్వేర్ ఇవ్వాలి. మెషిన్ బలాన్ని బట్టి టాబ్లెట్లను వేరుచేస్తుంటే, ఆ పరిమితి ఎక్కడి నుంచి వచ్చిందో పాత రికార్డులు తీసి చూడండి. తయారీదారు ఇచ్చిన అంకెనో, ఎవరో చుట్టూ పది శాతమని పెట్టినదో అయితే ముందు దాన్నే మార్చండి. ప్రతి టాబ్లెట్‌నూ చూసి రోగిని నేరుగా కాపాడే పరిమితి అదొక్కటే.

స్టేషన్‌వారీ శాంపిల్ తీసే వీలు మీ మెషిన్‌లో ఉంటే దాన్ని వాడుకోండి. టీ-స్క్వేర్ హెచ్చరికలు ఒకే స్టేషన్ నంబరు మీద పోగవుతుంటే పంచ్ విప్పి పొడవు కొలవడం గంట పని. ఆ వీలు లేకపోతే హెచ్చరిక వచ్చినప్పుడు ఒక పూర్తి చుట్టు టాబ్లెట్లను వరుసగా తీసి తూచండి.

ప్రోటోకాల్‌లో ఒక వాక్యం తప్పక రాయండి: పంచ్‌ల సెట్ మారినా, ఎక్సిపియెంట్ (మందుతో కలిపే ఇతర పదార్థం) సరఫరాదారు మారినా, మెషిన్ వేగం మారినా పాత సహసంబంధం చెల్లదు. మార్పు తర్వాత తీసిన కనీసం 100 టాబ్లెట్లతో కొత్తగా అంచనా వేయాలి. అప్పటిదాకా పాత దీర్ఘవృత్తాన్ని పక్కన పెట్టి, విడివిడి గీతల మీదే నడపాలి. బలం మీది పరిమితినైతే పక్కన పెట్టే వీలు లేదు కాబట్టి, తక్కువ, ఎక్కువ బరువుల పరుగులను ఉత్పత్తి మొదలయ్యే ముందే మళ్లీ చేయాలి.